చింతపండుతో తోమిన గొట్టం

మా ఇంట్లో తుపాకీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నా హాబీ సంగతి తెలియగానే చుట్టాలందరూ అల్ ఘర్రాఫాలో మా ఫ్లాటు గోడల నిండా తుపాకులు వేలాడుతున్నట్టు ఊహించేసుకుంటున్నారు. మా అమ్మ అయితే ఫోన్లో ఏడుపొక్కటే తక్కువ.

"దుబాయ్‌ల తుపాకి పట్టుకోని తిరుగుతున్నవట, అల్లుడేమంటలేడానే?"

ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని వచ్చిన రోజు నుంచీ చెబుతున్నాను. అదే ఎక్కలేదు, ఇక ఎయిర్‌సాఫ్ట్ ఎక్కడ ఎక్కుతుంది?

ఎయిర్‌సాఫ్ట్ అంటే చూడ్డానికి అచ్చం అసలు తుపాకీలా ఉండే ఆట తుపాకీ. బ్యాటరీతో నడుస్తుంది, బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండు వదులుతుంది. తగిలితే చురుక్కుమంటుంది. తగిలినవాళ్ళు నిజాయితీగా చెయ్యెత్తి బయటికి నడవాలి. దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. మెసైమీర్‌లో ఒక పాత గోడౌన్‌ని ఆట హాలుగా మార్చారు. కొనాలన్నా ఆ హాలు వాళ్ళ ద్వారానే కొనాలి, కొన్నాక అక్కడి లాకర్లోనే ఉంచాలి. నా వస్తువుని చూసుకోవడానికి నేనే శుక్రవారం దాకా ఆగాలి. అమ్మాయిని హైదరాబాద్‌లో హాస్టల్లో వేసినదాన్ని, అలా ఎదురుచూడడం నాకు కొత్తేం కాదు.

అసలు అమ్మాయి వెళ్ళిపోయాకే ఇది మొదలైంది. ఆఫీసులో ఒకామె సరదాగా లేడీస్ బ్యాచ్‌కి తీసుకెళ్ళింది. నేను కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కొటేషన్లు చూసే ఉద్యోగిని. వారమంతా సప్లయర్ల అబద్ధాలు వింటూ పళ్ళు నూరుతుంటాను. మొదటి రోజు ఆ అద్దె తుపాకీ చేతికిచ్చి ఎదురుగా ఉన్న డ్రమ్ముని కొట్టమన్నారు. ఆ డ్రమ్ములో నాకు ఫలానా సిమెంటు సప్లయర్ మొహం కనిపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నెలల తర్వాత హాయిగా అన్నం తిన్నాను.

కొంతకాలం అద్దె తుపాకులతోనే లాగాను. వాటికి ఊరందరి చెమట వాసన. సొంతది కొందామని నిర్ణయించుకున్నాక, ఆఫీసులో చేసే పనే ఇక్కడా చేశాను. హాలు మేనేజర్ని కూర్చోబెట్టి మూడు మోడళ్ళకు కొటేషన్లు అడిగాను. ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు కాబోలు, ఆ మనిషి చాయ్ తెప్పించి మరీ నన్ను చల్లబరచాల్సొచ్చింది. చివరికి తుపాకీ వచ్చింది. ట్రిగ్గర్ నొక్కితే లోపల మోటారు మిక్సీలా గుర్రుమంది. వీడియో తీసి మావారికి చూపిస్తే, "ఇందులో కొబ్బరి పచ్చడి అవుతుందా?" అని అడిగారు.

మావారు తెనాలి మనిషి, నాది నిజామాబాద్ వైపు. ఆయనకి కోపం రాదు, నాకు అదొక్కటే వస్తుంది. మా కాపురం సాగడానికి కారణం ఇదేనని మా అమ్మ అంటుంది.

కొనడంతో అయిపోతుందనుకున్నాను. కొత్త కర్టెన్లు వేస్తే సోఫా పాతగా కనిపించడం మొదలవుతుంది చూడండి, ఇదీ అంతే. స్ప్రింగు మారిస్తే పళ్ళ చక్రాలు అరుగుతాయన్నారు. చక్రాలు మారిస్తే మోటారు చాలదన్నారు. ఒకసారి అత్యాశకు పోయి గట్టి స్ప్రింగు వేయించాను. ఆటకి ముందు మిషను దగ్గర కాల్చి వేగం చూపించాలి, హద్దు దాటితే లోపలికి రానివ్వరు. నాది దాటింది. "మాఫీ, మాఫీ" అంటూ మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. మాఫీ అంటే ఇక్కడ క్షమించడం కాదు, కుదరదని. ఆ రోజంతా బెంచీ మీద కూర్చుని ఇంకొకళ్ళ వాటర్ బాటిళ్ళకు కాపలా కాశాను. మర్నాడే పాత స్ప్రింగు వేయించేశాను.

వేగం వద్దు, గురి కావాలి అని అప్పుడు బుద్ధి వచ్చింది. గురి అంతా గొట్టంలోనే ఉంది. పైకి కనిపించే నల్ల గొట్టం ఉత్త సోకు. దాని లోపల సన్నటి ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది, గుండు దాంట్లోంచే వస్తుంది. ఆ గొట్టం లోపలి గోడ అద్దంలా ఉండాలి. వెంట్రుకంత గీత పడినా గుండు దారి తప్పుతుంది. మంచి గొట్టం తెప్పించమని హాలు వాళ్ళకి చెప్పి, రెండు నెలలు వాళ్ళ ప్రాణం తీసి, తెప్పించుకున్నాను. పాతది కొత్తగా చేరిన ఒకమ్మాయికి ఇచ్చేశాను. కొత్త గొట్టంతో మొదటిసారి కాల్చినప్పుడు గుండు నేను చూసిన చోటికే వెళ్ళింది. నా మాట అంత బుద్ధిగా విన్నది ఈ ప్రపంచంలో ఇంకేదీ లేదు.

తుపాకీ ఇంటికి రాకూడదు గాని, ఒట్టి ఇత్తడి గొట్టం రావచ్చు. అది బయట చూస్తే ఏదో కుళాయి ముక్కలా ఉంటుంది. నెలకోసారి దాన్ని బ్యాగులో వేసుకొచ్చి, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, మెత్తటి గుడ్డ ముక్కకి రెండు చుక్కల సిలికాన్ నూనె వేసి లోపల తుడిచేదాన్ని. అప్పుడు నన్ను ఎవరూ పలకరించకూడదు. మావారు వంటింట్లోకి కూడా మునివేళ్ళ మీద నడిచేవారు.

పోయిన దసరా ముందు హాల్లో ఒక వార్త వచ్చింది. మగవాళ్ళ బ్యాచ్‌తో ఆడవాళ్ళ జట్టు పోటీ. జట్టుకి ఐదుగురు కావాలి. నలుగురు ఎవరో అందరికీ తెలుసు. ఐదో చోటుకి నేనూ, ఒక కాలేజీ అమ్మాయీ. పండగ తర్వాత శుక్రవారం ఇద్దరికీ పరీక్ష. దూరంగా వేలాడదీసిన రేకు పలకల్ని ఎవరు ఎక్కువ మోగిస్తే వాళ్ళే. మా కెప్టెన్ ఫిలిప్పీన్స్ నర్సు, పెద్ద ఆసుపత్రిలో ఐసీయూలో పని. ఆమె దగ్గర మొహమాటాలు నడవవు.

నాకు ఆ చోటు కావాలి. ఎంతగా అంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. స్కూల్లో కబడ్డీకి ఎప్పుడూ నన్ను పక్కన నిలబెట్టి స్కోరు చెప్పమనేవారు. ఆఫీసులో పని ఇస్తారు, ఇంట్లో బాధ్యత ఇస్తారు. "మాకు నువ్వు కావాలి" అని పేరు పెట్టి పిలిచి జట్టులోకి తీసుకున్నవాళ్ళు నా నలభై ఏళ్ళు దాటిన జీవితంలో ఒక్కరూ లేరు. కొటేషన్లు చూస్తున్నప్పుడు కూడా ఆ రేకు పలకలే చెవుల్లో మోగేవి.

గురువారం ఉదయం గొట్టం తుడవడానికి బయటపెట్టి, ఆఫీసు నుంచి ఫోను వస్తే అలాగే వదిలేసి పరిగెత్తాను. మావారికి ఆ రోజు సెలవు. దసరా కూడా అదే రోజు.

సాయంత్రం తలుపు తీసేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన. దేవుడి ముందు పీట మీద ఇత్తడి సామానంతా ధగధగలాడుతోంది. మా ఇంట్లో పూజ సామాను తోమే పని ఆయనదే. పెళ్ళైన కొత్తలో నేను తోమితే మచ్చలు మిగిలాయన్నారు. "అయితే మీరే తోముకోండ్రి" అన్నాను. అప్పట్నుంచీ ఆయనే తోముతున్నారు. కుందులు, గంట, హారతి పళ్ళెం వరసగా ఉన్నాయి. గంట పక్కన, పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టించుకుని, నా గొట్టం.

దగ్గరికి వెళ్ళి తీసి దీపం వైపు పెట్టి లోపలికి చూశాను. లోపల కూడా తోమారు. గోడ నిండా గీతలే గీతలు. ఒక చింతపండు పీచు ఇంకా అంటుకునే ఉంది.

"ఏం జేసిన్రండి దీన్ని?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"బాగుందా? బయట చింతపండూ ఉప్పూ వేస్తే వచ్చేసింది. లోపలంతా నల్లగా ఉందని కబాబు పుల్లకి స్టీలు పీచు చుట్టి తోశాను. గంట పట్టింది తెలుసా!"

నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. కుళాయి ముక్క అనుకుని సామానులో కలిపేశారు, నా వస్తువుల మీద ఈ మనిషికి ధ్యాసే లేదు, రేపటితో నా చోటు పోయింది. ఇవన్నీ ఒకేసారి అనడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆయనే మళ్ళీ అన్నారు.

"దసరా కదా. నా లాప్‌టాప్‌కి పెట్టాను, కారుకి పెట్టాను. నీ ఆయుధాన్ని వదిలేస్తే ఎలా? రేపు పరీక్ష కూడానూ."

కుళాయి ముక్క అనుకోలేదు. అదేమిటో తెలిసే తోమారు. నేను ఇంతకాలం ఆ హాబీ గురించి చెబుతుంటే ఊఁ కొడుతూ ఫోను చూసుకుంటున్నారనుకున్నాను. రేపు పరీక్ష అని కూడా గుర్తుంది. నేను నోరు మూసుకున్నాను. మా పెళ్ళయ్యాక మొదటిసారి, తెరిచిన నోరు ఏమీ అనకుండా మూసుకున్నాను. గొట్టాన్ని మళ్ళీ గంట పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణంలో కొంత భక్తి, మిగతాదంతా భయం.

శుక్రవారం ఆయన కూడా వస్తానన్నారు. ఎన్నడూ లేనిది. కారు పార్కు చేసి రమ్మని చెప్పి నేను ముందే లోపలికి పరిగెత్తి గొట్టం బిగించి కాల్చి చూశాను. మొదటి గుండు కుడికి, రెండోది నేలకి, మూడోది ఎగిరి లైటుకి తగిలింది. నాలుగోది ఎక్కడికి వెళ్ళిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

కెప్టెన్ వచ్చి పక్కన నిలబడింది. "సిస్టర్, గన్ మరీద్?" అంది. ఒంట్లో బాగాలేదా అని. ఆమెకి ఇక్కడి అరబ్బీ మాటలన్నీ ఆసుపత్రివే వస్తాయి.

"చాలా మరీద్" అన్నాను. "అద్దెది ఒకటి ఇవ్వు."

అద్దె తుపాకీతో రేకు పలకలా అన్నట్టు చూసింది గాని, తెచ్చి ఇచ్చింది. పట్టుకోగానే ఆ పాత చెమట వాసన. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. దీంతో నేను చాలాకాలం ఆడాను. ఇది ఎప్పుడూ ఎడమకి లాగుతుంది. ఎప్పుడూ ఎడమకే లాగితే ఫర్వాలేదు, కుడికి చూసి కొడితే సరిపోతుంది. అలాంటి సప్లయర్లు నాకు చాలామందే ఉన్నారు.

ముందు కాలేజీ అమ్మాయి కొట్టింది. బాగా కొట్టింది, ఆమె మోగించిన ప్రతి పలకా నా గుండెలో మోగింది. తర్వాత నేను వెళ్ళాను. కళ్ళజోడు మీద ఇంకో జత అద్దాలు, లోపల ఆవిరి, స్టిక్కరు బొట్టు ఊడి మాస్కుకి అంటుకుంది. చూసేవాళ్ళకి గుండ్లు తగలకుండా కట్టిన వలకి అవతల మావారు రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నారు. పలకకి జానెడు కుడిగా చూసి కొట్టాను. ఠంగుమంది. మళ్ళీ కొట్టాను. మధ్యలో ఒకటి తప్పింది, నోట్లో ఒక మాట వచ్చింది, అది ఇక్కడ రాయను. అమ్మాయికీ నాకూ సమానమయ్యాక ఇంకొక్క గుండు మిగిలింది. ఊపిరి బిగబట్టి వదిలాను. పలక మోగిందో లేదో నాకు తెలియలేదు. మావారు వల అవతల నుంచి ఈల వేశారు. ఆయనకి ఈల వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కెప్టెన్ నా భుజం మీద చరిచింది. "యల్లా సిస్టర్, వుయ్ వాంట్ యూ. నెక్స్ట్ ఫ్రైడే లేట్ రావొద్దు."

నాకు ఏడుపు వచ్చింది. మాస్కు తియ్యకుండా కాసేపు అలాగే నిలబడ్డాను.

బయటికి రాగానే ఆయన ఎదురొచ్చారు. "చూశావా! తోమితే ఎలా పనిచేసిందో!"

నేను ఉన్నదున్నట్టు మొహం మీదే అనేసే మనిషిని. ఆఫీసులో నాకు అదే పేరు. "మీ చెయ్యి పడ్డది గదా, ఊకెనే అయితదా" అన్నాను.

ఆ తర్వాత కొత్త గొట్టం ఇంకొకటి తెప్పించుకున్నాను. అది లాకర్ దాటి బయటికి రాదు. గీతల గొట్టం మాత్రం నెలకోసారి బ్యాగులో వేసుకుని ఇంటికి తెస్తాను. ఆయన ఎదురుచూస్తుంటారు. చింతపండు నానబెట్టి, పీట వేసుకుని కూర్చుని తోముతారు. నేను పక్కన కూర్చుని "ఇటు పక్క ఇంకొంచెం" అంటూ నా అబద్ధాన్ని కాపాడుకుంటూ వస్తున్నాను.

మొన్న అలాగే తోముతూ, తల ఎత్తకుండా అన్నారు: "అసలుది మాత్రం హాల్లోనే ఉంచు. పొరపాటున కూడా నా చేతికివ్వకు."

నేను బిత్తరపోయాను. "ఎప్పటి సంది తెలుసు?"

"ఆ రోజే. అక్కడి అద్దె తుపాకులన్నిటికీ పసుపు టేపు ఉంటుంది. నీ చేతిలో ఉన్నదానికి టేపుంది."

సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కోపం కూడా రావాలి మామూలుగా, ఎందుకో రాలేదు.

"మరి ఇన్ని నెలల సంది ఎందుకు తోముతున్నరు?"

"తోముతున్నంతసేపూ నువ్వు పక్కన కూర్చుంటున్నావు కదా" అన్నారు.

గిన్నెలో చింతపండు అయిపోయింది. నేను లేచి ఇంకాస్త నానబెట్టాను.