బొగ్గుబాయి సమ్మెలో లారీ ఆట

ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ పనులు ఆపేసిన ఆ సమ్మెలో, వారం తిరగకముందే మా బాపుకు ఇల్లు ఇరుకైపోయింది. ఇల్లంటే ఎంత, భూపాలపల్లి కాలనీలో రెండు గదుల క్వార్టర్. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, మళ్లీ ముందుగదిలోకి తిరిగేవాడు. సైకిల్ చైనుకు నూనె పెట్టేవాడు. నిన్న గోడకు కొట్టిన మేకునే పీకి, జానెడు పక్కన మళ్లీ కొట్టేవాడు. పొద్దున సమ్మె శిబిరానికి పోయి మధ్యాహ్నం తిండివేళకు వచ్చేవాడు. ఆ తర్వాత చేతులేం చేయాలో ఆయనకు తెలిసేది కాదు.

బాపుది బొగ్గుబాయిలో పని. భూమి లోపలికి దిగి, తవ్విన చోట కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. ఇరవై ఏళ్లకు పైగా అదే చేశాడు. జ్వరమొచ్చినా నాగా పెట్టేవాడు కాదు. అట్లాంటి మనిషికి ఒక్కసారిగా దినమంతా ఖాళీ దొరికింది.

నా పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు. జనగామ దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ మూసేశారు, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. బస్సులు నిలిచిపోయే ముందురోజు దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చాను. రాష్ట్రం రావాలని నాకూ గట్టిగా ఉండేది. హాస్టల్ పిల్లలందరితో రోడ్డు మీద కూర్చుని గొంతు పోయేలా అరిచాను కూడా. నలుగురిలో ఉన్నప్పుడు రాని బెంగ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే వచ్చేది. పరీక్షలెప్పుడో తెలియదు. ఈ ఏడు దక్కుతుందో పోతుందో తెలియదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గానీ లోపలికి పోయేవి కావు.

ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఎండాకాలంలో దానిలోని విండోస్‌కు వైరస్ పట్టి లేవడం మానేస్తే, అదంతా తుడిచేసి లినక్స్ ఎక్కించాను. ఆ సీడీ ఇచ్చింది మా కాలేజీలో నాకంటే ఒక ఏడు పెద్దదైన జనగామ అక్క. వాళ్లది బజారులో కిరాణా దుకాణం. దుకాణం పైగదిలో పాత కంప్యూటర్లు విప్పి బిగించడం తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

ఒక మధ్యాహ్నం బాపు అల్మారా సర్దుతూ ఒక సీడీ బయటికి తీశాడు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆడిన లారీ ఆట అది. సరుకు నింపుకొని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి, అంతే. అప్పట్లో ఆయన నా వెనక నిలబడి చూసేవాడు గానీ ఎన్నడూ ముట్టుకోలేదు.

"గీ ఆట ఇంక నడుస్తదా బిడ్డా?" అన్నాడు.

"నడువది బాపు. గది విండోస్ కోసం చేసింది. ఇప్పుడు దీంట్ల ఉన్నది లినక్స్."

"గదే డబ్బా, గదే తెర. ఎందుకు నడువది?"

"డబ్బా గదే గాని లోపల భాష మారింది. ఆట చెప్పేది దీనికి సమజ్ కాదు."

బాపు సీడీని అటూఇటూ తిప్పి చూశాడు. "మరి మధ్యల ఎవలన్న ఉండి చెప్పరా?"

ఆ మాటకు నాకు హుషారొచ్చింది. "ఉంటది బాపు. వైన్ అని ఉంటది. గది ఏస్తే ఆట నడుస్తది."

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఏందే, ఇంట్ల వైన్ ఏస్తనంటున్నవ్? నీ కాలేజీల నేర్పేది గిదేనా?"

ఆ సాఫ్ట్‌వేర్ పేరే అదని ఒప్పించేసరికి నా తాతలు దిగొచ్చారు. సమ్మె మొదలయ్యాక బాపు నవ్వగా చూడటం అదే మొదటిసారి.

దాన్ని దించుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఫోనును తీగతో కంప్యూటర్‌కు తగిలించి నెట్ వాడేదాన్ని. పైగా బాయిలన్నీ బంద్ కావడంతో బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. ఫైలు సగానికి పైగా వచ్చాక కరెంటు పోయేది. మళ్లీ మొదటి నుంచి. నేను బల్ల మీద గుద్దితే బాపు, "బొగ్గు ఆపింది మేమే. కరెంటు పోయిందని ఎవల్ని తిట్టాలె?" అనేవాడు. అని, లేచి పెరట్లోకి పోయేవాడు.

మూడో రోజు అంతా ఎక్కింది. ఆట తెరిస్తే తెర మొత్తం నల్లగా మారి అట్లాగే ఉండిపోయింది. జనగామ అక్కకు ఫోన్ చేశాను. వెనక నుంచి దుకాణంలో ఎవరో పప్పు అడుగుతున్న మాటలు వినిపిస్తుంటే, ఆమె ఎక్కడ ఏం నొక్కాలో చెప్పింది. "తెర నిండ తెరువకు, చిన్న కిటికీల తెరువు. నీ డబ్బా పాతది, దానికి గంతే శాతనైతది," అంది. అట్లా చేస్తే ఆట వచ్చింది. నీలి ఆకాశం, బూడిదరంగు రోడ్డు, మధ్యలో ఎర్ర లారీ.

బాపు కుర్చీలో కూర్చుని ఒక్క చూపుడువేలితో మీటలు నొక్కాడు. ఎంత మెల్లగా నడిపాడంటే వెనక బండ్లన్నీ హారన్లు కొట్టాయి. చుట్టూ ఒక్క బండి లేకున్నా ఎర్ర దీపం దగ్గర ఆగాడు. "జర పోనియ్యి బాపు," అంటే, "దీపం ఎర్రగుంటే ఎట్ల పోత?" అన్నాడు. అరగంట కూర్చున్నాడు. అమ్మ రెండుసార్లు తొంగిచూసి వెళ్లింది.

ఆట మొదలైన మర్నాడు మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. బాపు లారీని గుట్ట ఎక్కిస్తున్నాడు, నేను పక్కన పీట మీద కూర్చున్నాను. ఇంజిన్ శబ్దం ఉన్నట్టుండి తెగడం మొదలైంది. స్పీకర్లలోంచి చిట్, చిట్ అని వచ్చింది. కొంచెం ఆగి పటపటమంది. వైన్‌లో ఆడితే శబ్దం అట్లా పగలడం మామూలేనని అక్క ముందే చెప్పింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

బాపు వేలు మీట మీద ఆగిపోయింది. తల ఎత్తి పైకప్పు చూశాడు. మరుక్షణం నా రెక్క పట్టుకుని లాగాడు. కుర్చీ వెనక్కి పడింది. నా కాలు గడపకు తగిలింది. తేరుకునేసరికి ఇద్దరం పెరట్లో ఉన్నాం. అమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. బాపు నన్ను వదలకుండా ఇంటి కప్పు వంకే చూస్తున్నాడు. లోపల ఆట ఇంకా పటపటమంటూనే ఉంది.

"ఏం లేదు," అన్నాడు చివరికి. "ఏం లేదు తియ్."

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. బాపు అరుగు మీద కూర్చుని సగం తాగాడు.

"బాయిల కప్పు కూలేముందు గట్లనే అంటది," అన్నాడు. "దుంగ చిట్‌చిట్‌మంటది. గది ఇన్నంక ఆలోచన చేసేటోడు బయటికి రాడు."

"నువ్వు ఇన్నవా బాపు?"

"ఒకపారి. నేను ఉరికిన. నా ఎనకున్నోడు కిందవడ్డ టోపీ తీసుకుందామని వంగిండు."

"వంగినోడు ఏమైండు?"

బాపు మిగతా నీళ్లు తాగాడు. అమ్మ మా వైపు చూడకుండా చెంబు అందుకుని లోపలికి పోయింది. ఆమెకు తెలుసని నాకప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు నాకొక్కదానికే చెప్పలేదు.

ఆ సాయంత్రం స్పీకర్ల తీగ పీకేశాను. ఇక చప్పుడే లేకుంటే సరిపోతుందనుకున్నాను. మర్నాడు బాపు కూర్చున్నాడు గానీ ఆట సాగలేదు. నాలుగు మలుపులకు ఒకసారి పైకి చూస్తాడు, వెనక్కి తిరుగుతాడు. లారీ రోడ్డు దిగి చెట్టుకు కొట్టుకుంది.

"తీగ పెట్టు బిడ్డా," అన్నాడు. "ఇనపడకుంటనే ఎక్కువ పరేషాన్ అయితది. బాయిల చెవులే మాకు కండ్లు."

మళ్లీ అక్కకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పలేదు, శబ్దం పగులుతోందని మాత్రమే చెప్పాను. వైన్ సెట్టింగుల్లో ఆడియో అన్న చోట 'ఫుల్' అని ఉన్నదాన్ని 'ఎమ్యులేషన్' అని మార్చమంది. మార్చాక బాపు శిబిరానికి పోయిన వేళ చూసి, స్పీకర్‌కు చెవి ఆనించి, అదే గుట్టను పదిసార్లు ఎక్కించాను. ఎక్కడా చిట్‌మనలేదు. అయినా నమ్మకం కలగక ఇంకోసారి ఎక్కించాను.

బాపు వచ్చాక నేను చెప్పింది విని, కూర్చుని ఆట మొదలుపెట్టాడు. గుట్ట దగ్గర మీట వదిలేసి విన్నాడు. ఇంజిన్ ఒక్కతీరుగా మోగింది. అప్పుడు పోనిచ్చాడు.

ఆ ఆట ఎక్కువ రోజులు సాగలేదు. సమ్మె ముగిసి బాయిలు తెరుచుకున్నాయి. మొదటి షిఫ్టుకు ఆయన ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయాడు. అంతకుముందు ఆయన పోవడం రావడం నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం షిఫ్టు దిగే మూడు గంటల దాకా ఒక్క పనీ చేయలేకపోయాను. బియ్యం ఏరబోతే అమ్మ చేట లాక్కుని, "రాళ్లు ఉంచి బియ్యం పారేస్తున్నవ్," అంది. ఆయన నల్లటి మొహంతో వాకిట్లో సైకిల్ దిగి, "ఏందే గట్ల జూస్తున్నవ్?" అన్నాడు. ఏం లేదన్నాను.

బస్సులు నడవగానే జనగామ వెళ్లిపోయాను. ఆ ఏడు దక్కింది, పరీక్షలు ఆలస్యంగా జరిగాయి. మొదటి షిఫ్టు వారాల్లో రోజూ మూడున్నరకు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసేదాన్ని. ల్యాబ్ ఉంటే మధ్యలో లేచి వచ్చేదాన్ని. బాపు ఎత్తి, "వచ్చిన బిడ్డా," అనేవాడు. ఆ మాట వింటే చాలు, పెట్టేసేదాన్ని. తర్వాత రాష్ట్రం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ ఫోన్ మానలేకపోయాను.