ఆదివారం మోగని ఫోను

చూపు సన్నగిల్లాక మా అక్కకు చేతివేళ్లే కళ్లయ్యాయి. సెల్‌ఫోన్ ఇస్తే ఎక్కడో పెట్టి రోజంతా తడుముకునేది. పాత మీటల ఫోను మాత్రం కిటికీ పక్క బల్ల మీద, తన చోట తాను ఉండేది. బాన్సువాడలో మా వీధికి పాత టెలిఫోన్ తీగ పోయి ఇంటర్నెట్ వచ్చినప్పుడు, ఆ ఫోను మూగబోకూడదని ఒక అడాప్టర్ తెచ్చాను. అరచేతిలో పట్టే డబ్బా. ఒక పక్క ఫోను తీగ, ఇంకో పక్క, ఇంటర్నెట్‌ను ఇల్లంతా పంచే రౌటర్ తీగ.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. నిజాంసాగర్ కాలువ చివరి పొలాలకు నీటి వంతులు చాలా ఏళ్లు లెక్కగట్టి ఇచ్చాను. అందుకేనేమో ఆ డబ్బా పద్ధతి మొదటి రోజే నచ్చింది. కరెంటు రాగానే నిద్రలేచి, తానెవరో తెలియనట్టు, నాకో నంబరివ్వండని ఇల్లంతటినీ అడుగుతుంది. రౌటర్ ఒక నంబరు, దానికో గడువు ఇస్తుంది. గడువు సగం కాగానే డబ్బా మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. ఆ నంబరు ఉంటేనే ఎక్కడో దూరాన ఉన్న ఫోను కంపెనీకి తన ఉనికి చెప్పుకోగలదు. అప్పుడే మన ఫోను మోగుతుంది. మధ్యాహ్నాలు కుర్చీలో ఒరిగి దాని పచ్చ దీపాన్ని చూస్తుంటే, నంబర్లన్నీ కాలువ నీళ్లలా గదుల్లోకి మెల్లగా పారుతున్నట్టు ఉండేది.

ఊహ అక్కడ ఆగితే బాగుండేది. ప్రతిసారీ అడుక్కోవడమెందుకని, డబ్బాలో నేనే ఇరవై ఏడు అని స్థిరంగా రాసేశాను. మా ఫోను నంబరులోని అంకెలు కూడితే వచ్చేది అదే.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు అక్క స్నేహితురాలి ఫోను రాలేదు.

ఆమెది రుద్రూర్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మడిలో నాట్లు వేశారు. వారమంతా కూలి పని. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోను చేసి, ఆ రోజు పాడిన పాట అక్కకు మళ్లీ పాడేది.

"అలిగిందిరా. 'నీ గొంతు కప్ప లెక్కయిందే' అని నేనే అన్న. గది మనసుల పెట్టుకున్నది," అంది అక్క.

"నువ్వే చెయ్యరాదు?"

"నేనెందుకు చేస్త? ఫోను మంచిగున్నదా లేదా, గది చెప్పు."

సోమవారం నుంచి శనివారం దాకా రోజూ మధ్యాహ్నం నా సెల్ నుంచి చేసి పరీక్షించాను. మోగింది. "మంచిగనే ఉన్నది," అన్నాను. ఆ మాటతో అక్క ఇంకేమీ అడగలేదు. ఆదివారం మాత్రం, లైను ఖాళీగా ఉండాలని, నేను ఫోను ముట్టేవాణ్ని కాదు.

ఐదో ఆదివారం అక్క ఫోను దగ్గర కూర్చోలేదు. పెరట్లోకి వెళ్లిపోయింది. ఇక ఎవరి కోసం లైను ఖాళీగా ఉంచాలని రిసీవర్ ఎత్తాను. చప్పుడు లేదు. పచ్చ దీపమూ లేదు.

అప్పుడే పై వాటాలో కిరాయికి ఉన్నవాళ్ల అమ్మాయి దిగి వచ్చింది. వాళ్లూ మా రౌటర్ నుంచే నెట్ వాడుకుంటారు. ఆమెకు నిజామాబాద్‌లో ఆఫీసు పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతుంది.

"అంకుల్, నా ల్యాప్‌టాప్‌ల నెట్ ఆగుకుంట ఆగుకుంట వస్తుంది. ఈడనే గిట్లయితది."

రౌటర్ పేజీ తెరిచి చూశాను. ఆ ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన నంబరు ఇరవై ఏడు.

నేను రాసిన సంగతి డబ్బాకు తెలుసు, నాకు తెలుసు. పంచేవాడికి చెప్పలేదు. రౌటర్ లెక్కలో ఇరవై ఏడు ఖాళీ, అందుకే దాన్ని ల్యాప్‌టాప్‌కు ఇచ్చింది; ఒకే నంబరు మీద రెండూ కొట్టుకున్నాయి. వంతుల జాబితాలో పేరు రాయించకుండా తూము ఎత్తిన రైతులను ఎన్నిసార్లు తిట్టానో!

డబ్బాను మళ్లీ అడిగే పద్ధతికి మార్చాను. ఈసారి రౌటర్‌లోనే ఆ డబ్బా పేరిట, ఇంకెవరికీ ఇవ్వకుండా, వేరే నంబరు రాసిపెట్టాను. దీపం వెలిగింది.

పెరట్లోకి వెళ్లాను. "అక్కా, ఆమె అలగలే. తప్పు నాది. ఆదివారాలు ఫోను పనిచేయలే. నేను మిగిలిన ఆరు రోజులే చూసిన."

"లెక్కల మనిషివి! వారానికి ఏడు రోజులని నీకు ఎవలన్న చెప్పాల్నా?" అంటూనే లేచింది. గోడ పట్టుకుని వచ్చి, వేళ్లతో మీటలు వెతికి నొక్కింది.

అటు నుంచి వచ్చిన కేక నాకూ వినిపించింది. "ఫోను బంద్ పెట్టినవ్ గదనే! నాలుగు వారాలు చేసి చేసి నా వేలు అరిగింది!"

"నేను పెట్టలే. మా తమ్ముని లెక్క తప్పింది. పాడు."

"కప్ప గొంతు గదా?"

"కప్పలు అరిస్తెనే వానలొస్తయే. పాడు."

అటు నుంచి పాట మొదలైంది. తర్వాత అక్క రిసీవర్‌ను చెవి నుంచి కొంచెం దూరం జరిపి, నా వైపు పట్టుకుంది.