ముందు మన వేగం తీసెయ్యాల

ప్రపంచ చరిత్రలో తప్పును తమమీద వేసుకున్న త్యాగమూర్తులు చాలామంది ఉన్నారు. ఆ తప్పుకు దశాంశ స్థానాలదాకా లెక్క కట్టినవారు మాత్రం బెంగుళూరు వెంకటగిరియప్పగారు ఒక్కరే.

ఆయన వృత్తి, ఉబ్బుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాల వేగం కొలవడం. ఉబ్బినప్పుడు నక్షత్రం ముఖం మనవైపు వస్తుంది, తగ్గినప్పుడు వెనక్కి పోతుంది. వెలుగును విడదీసి చూస్తే ఆ వేగం తెలుస్తుంది. అయితే చూసే మనమూ భూమితోపాటు పరుగెడుతున్నాం కనుక ముందు మన వేగం తీసివేయాలి. ఈ నియమాన్ని ఆయన ఆకాశం నుంచి దింపి మారతహళ్ళి ట్రాఫిక్‌లో పెట్టారు. ఒకసారి ఆటో వెనకనుంచి వచ్చి ఆయన స్కూటర్‌ను గుద్దితే, కిందపడ్డ మనిషి లేచి, "నేనే వెనక్కి వచ్చినానేమో చూడప్పా," అన్నారు. ఆటో అతను భయపడి పారిపోయాడు.

పరిశోధనశాలలో విద్యార్థి హరీశ్‌కు ఇదే వినోదం.

"సార్, క్యాంటీన్‌లో సాంబారు చల్లారిపోయింది. మీరేనా?"

"నేనే లేటుగా వచ్చినా కదప్పా."

ఆదివారాలు ఆయన ఫ్లాటుకు ఎవరూ రారు. "ఎవురూ దూరం పోలేదమ్మా, నేనే జరిగుంటా," అన్నారొకసారి, తన దగ్గర పరిశోధన చేస్తున్న చైత్రతో. బ్రూక్‌ఫీల్డ్ హాస్టల్లో చైత్ర గదిలోనూ రెండో మంచం ఖాళీయే. ఆమె నవ్వబోయి మానుకుంది.

ఆ చైత్రే, తాను కొలుస్తున్న నక్షత్రానికి ఒక తోడు ఉందని కనిపెట్టింది. కంటికి కనబడని ఆ తోడు లాగడంవల్లే నక్షత్రం అటూ ఇటూ ఊగుతోందట. ఆ రోజు మధ్యాహ్నం అందరి ముందూ ప్రకటన; పొద్దున ముందుగా ఆయనకు చెప్పింది.

"పాపం, అది ఒంటరిది కాదు సార్!"

"సంతోషమమ్మా. ఎంత కాలానికొక చుట్టు?"

"ఆల్మోస్ట్ ఒక ఇయర్ సార్."

వెంకటగిరియప్పగారు టీ గ్లాసు కింద పెట్టారు. ఏడాదికొక చుట్టు తిరిగేది ఏదో ఆయనకు బాగా తెలుసు. ఆ సమయంలో దానిమీదే కూర్చుని ఉన్నారు.

"నాకొక అనుమానం ఉండాది చైత్రమ్మా. నా లెక్కలో భూమి వేగం తీసెయ్యాల్సిన చోట కలిపేసినానేమో. నీ లెక్క పక్కన పెట్టుకొని నాది కొంచెం దిద్దుతావా?"

చైత్ర దిద్దడానికి కూర్చుంది. ఆయనది సరిగ్గానే ఉంది. తనది చూసుకుంది. భూమి వేగం కలిపేసింది తనే.

"సార్... మీకు ముందే తెలుసు కదా?"

"నాకేం తెలుసమ్మా! నీకు నేర్పించింది నేనే, తప్పు నాదే."

చైత్రకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఏ విద్యార్థీ తప్పు చేసిన దాఖలా లేదు. జరిగినవన్నీ ఆయన పేరుమీదే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆమె లేచి, "మిస్టేక్ నాది," అంది.

"కాదు, నాది," అని వెనక వరుసలోంచి వినబడింది.

"లేదు సార్, నాదే!"

"నేర్పించినోడు ఎవురమ్మా?"

"ఓటింగ్ పెట్టేద్దామా?" అన్నాడు హరీశ్. అందరూ నవ్వారు, చైత్ర కూడా.

నక్షత్రానికి తోడు లేదు.