శారమ్మ పేరు ముందు మాట

నిజామాబాద్ మిషన్ కాంపౌండులోని ఆడపిల్లల కాలేజీతో ఎస్తర్ ఇంటికి మూడు తరాల బంధం. నాయనమ్మ శారమ్మ హాస్టల్లో వంట చేసింది. తండ్రి దేవదాస్ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఎస్తర్ అక్కడే చదువుకుని, అక్కడే తెలుగు లెక్చరర్ అయింది.

శారమ్మ వండి వడ్డించి చేతులు కడుక్కునే మనిషి కాదు. బోధన్ వైపు చెరకు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు జ్వరమొస్తే జొన్న గట్క జావలా కాచి, పక్కన కూర్చుని తాగించేది. హాస్టల్లో బియ్యం నిండుకున్న ఏడు, చర్చి పెద్దల గడపల ముందు కొంగు పట్టి నిలబడింది. ఆమె పోయాక, ఆమె చేతి అన్నం తిని టీచర్లూ నర్సులూ అయినవాళ్లు తలా ఇంత వేసుకుని ఆమె పేరున కాలేజీలో శాశ్వత నిధి పెట్టారు. దాని వడ్డీతో ఏటా ఒక పేదపిల్లకు స్కాలర్‌షిప్ ఇస్తారు.

కాలేజీ డే నాడు అది ఎస్తర్ చేతుల మీదుగానే ఇప్పించడం ఆనవాయితీ. "మన హాస్టల్ వంటమనిషి శారమ్మ గారి మనవరాలు" అని మైకులో పిలిచేవారు. చప్పట్లు మోగేవి. ఎస్తర్‌కు మాత్రం చెవులు వేడెక్కేవి. ఒక ఏడు కొత్తగా చేరిన ఒకావిడ స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతూ, "అయితే బగారన్నం నీ చేతులనే ఉంటదన్నట్టు" అంది. కడుపులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. అయినా ఎస్తర్‌కు ముల్లై గుచ్చుకుంది.

ఆ ఏడు కాలేజీ డే ముందురోజు రిహార్సల్లో, మైకు పట్టే ప్రమీల మేడమ్‌ను పక్కకు పిలిచింది.

"వంటమనిషి అని సదవకక్కా, బాగుండది. విద్యాసేవకురాలు అను."

ప్రమీల సరేనంది. స్కాలర్‌షిప్ అందుకోవాల్సిన వినీత వాళ్లకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎస్తర్ ఆమెను చూసింది కానీ పట్టించుకోలేదు.

వినీతది ఎడపల్లి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక తండ్రికి నిలకడైన పని లేదు. తల్లి పేరు గోదావరి, ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎంపిక రోజున ఆ పిల్లే, "మా అమ్మ వండితే పిల్లలు గిన్నెలు ఊడ్సుకుని తింటరు మేడం" అని ఎస్తర్‌కు మురిసిపోతూ చెప్పింది.

మర్నాడు "విద్యాసేవకురాలు శారమ్మ గారి మనవరాలు" అని పిలుపు వచ్చింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న దేవదాస్, ఎవరి గురించి చెబుతున్నారో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. వినీత వేదికెక్కింది.

"అమ్మ ఏం చేస్తదమ్మా?" అని ప్రమీల అడిగింది.

వినీత ఒకసారి ఎస్తర్ వైపు చూసింది. "ప్రైవేట్ జాబ్ మేడం."

ఎస్తర్ కవరు ఆ పిల్ల చేతిలో పెట్టింది. వేదిక దిగుతూ, "అమ్మ రాలేదా?" అని మెల్లగా అడిగింది.

"గేటు కాడ ఉంది మేడం."

ఎస్తర్ గేటు దాకా గబగబా నడిచింది. పసుపు మరకల చీరతో గోదావరి గోడకానుకుని నిలబడి ఉంది.

"లోపలికి రా అక్కా."

"వద్దు మేడం. బడికాడ వండి గట్లనే ఉరికొచ్చిన. పిల్లకు నామోషి అయితదంట, ఈడనే ఉండుమన్నది."

"నామోషి ఎందుకు? మా నాయనమ్మ గూడ ఈడ వంట చేసిన మనిషే."

గోదావరి కళ్లు పెద్దవి చేసింది. "నిజమా! మరి మైకుల వేరే ఏదో చెప్పిండ్రు గద మేడం?"

ఎస్తర్ గోదావరి చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేసరికి సభ అయిపోయింది, కుర్చీలు మడిచేస్తున్నారు. తల్లిని చూసి వినీత తల దించుకుంది.

"నిన్న నేనన్న మాట తప్పు వినీతా," అంది ఎస్తర్.

"పర్లేదు మేడం," అంది ఆ పిల్ల, పెద్దవాళ్లకు బదులు చెప్పాలి కాబట్టి చెప్పినట్టు.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో దేవదాస్ ఎస్తర్ పక్కన కూర్చున్నాడు. ఎల్లమ్మగుట్ట దాటాక అడిగాడు.

"గా పేరు ఎవరు పెట్టిండ్రు బిడ్డా?"

"నేనే బాపు."

"గట్ల పిలిస్తే నన్ను కన్న అవ్వ పలికేది గూడ కాదు."

తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేదని ఎస్తర్‌కు అనిపించింది.

మరుసటి ఏడు మైకు తనే తీసుకుంది. "హాస్టల్ వంటమనిషి శారమ్మ" అని చదివింది. ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. తల్లులను కూడా పిలవమని ముందే పిల్లలందరికీ చెప్పి ఉంచింది. సెకండియర్ వరసలో వినీత పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మీ అమ్మ ఎందుకు రాలేదని అడగడానికి ఎస్తర్‌కు ధైర్యం చాలలేదు.