మూల గది

మా పెదనాన్నని అందరూ గాలి ఇంజనీరు అనేవారు. ఆ పేరు పెట్టింది బయటివాళ్ళు కాదు, మా పెద్దమ్మే. బడులు, షెడ్లు, గోదాములు, ఇలాంటి పొట్టి కట్టడాలను గాలి ఎంత తోస్తుందో, కప్పుని ఎంత లాగుతుందో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. "మీవన్నీ గాలి లెక్కలేగా!" అని ఆవిడ ఆటపట్టిస్తే ఈయన మూతి ముడుచుకుని కాఫీ తాగేవాడు. ఆ ముడుచుకున్న మూతి చూడడానికే ఆవిడ అలా అనేదని నా అనుమానం.

పెద్దమ్మ పాఠాలు చెప్పిన బడికి రేకుల కప్పు లెక్కలు వేసింది ఆయనే. కట్టడం పూర్తయ్యాక ఏ గది కావాలని ఆవిడని అడిగితే, ఈయనే మధ్యలో దూరి, "మూల గది తీసుకో. రెండు వైపులా కిటికీలున్నాయి, గాలి బాగా వస్తుంది" అన్నాడు. ఆవిడకి ఉక్కపోత అస్సలు పడదు. అందుకని ఆ గదే తీసుకుంది.

కొన్నేళ్ళకి వాళ్ళ ఆఫీసుకి, కట్టడాల లెక్కలకి నియమాలు చెప్పే కోడ్ పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చింది. పాతదాంట్లో పొట్టి కట్టడాల కప్పుకంతటికీ ఒకటే లెక్క. కొత్తదాంట్లో నడుమకి వేరు, అంచులకి వేరు, మూలలకి వేరు. గాలి కప్పు మీదుగా పోతూ రేకుల్ని పైకి పీకుతుందనీ, ఆ పీకుడు మూలల్లోనే మరీ ఎక్కువనీ ఈలోగా తేలిందట. ఆయన ఆ బడి కప్పుని కొత్త లెక్కతో మళ్ళీ చూసుకున్నాడు. నడుమ రేకులకి ఢోకా లేదు. మూల రేకులకి బిగించిన మరలు చాలవు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు.

"నువ్వు గది మారిపో" అన్నాడు పెద్దమ్మతో.

"నేను మారితే అది ఖాళీగా ఉంటుందా? ఇంకో టీచరమ్మ వస్తుంది. ఆవిడ మాత్రం ఎవరికీ ఏమీ కాదా? వెళ్ళి ఆ మరల సంగతేదో చూడండి."

ఆయన బడి యజమాని దగ్గరికి వెళ్ళాడు. సన్నటి కాగితం ముక్కని పెదాల కింద పెట్టుకుని పైనుంచి ఊది, అది ఎలా లేస్తుందో చూపించాడు. యజమాని నవ్వాడు. "ఇన్నేళ్ళు లేవని కప్పు పుస్తకం మారిందని లేస్తుందాండీ? మీ పుస్తకం గాలి కూడా చదువుతుందా ఏంటి?"

"గాలి మారలేదండీ. మనకి తెలియంది ఇప్పుడు తెలిసింది."

పాత కట్టడాలని కొత్త పుస్తకానికి తగ్గట్టు మార్చి తీరాలన్న నియమమేదీ లేదు. అయినా ఆ యజమాని మొండివాడు కాదు. "సెలవుల్లో చేయిద్దాం. పిల్లలుండగా కప్పెక్కితే ఎలా?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేముంది? పెదనాన్న మరలు తెచ్చి, అట్టపెట్టెలో పోసి మా ఇంటి వరండాలో పెట్టుకుని, సెలవుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

సెలవుల కన్నా గాలివాన ముందొచ్చింది. మబ్బు కమ్మగానే పెద్దమ్మ తన పిల్లలందరినీ నడిమి హాల్లోకి తోలింది. పైకి ఎన్ని వేళాకోళాలాడినా మొగుడి లెక్కల మీద ఆవిడకి అంత నమ్మకం. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే మూసొద్దామని వెనక్కి వెళ్ళింది. అప్పుడే మూల రేకులు లేచాయి. ఒకటి మెలితిరిగి గదిలోకి పడింది. పిల్లలకి చిన్న గీత కూడా పడలేదు. పెద్దమ్మ మాకు దక్కలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది. ఎవరి మీదని అడిగితే మాత్రం చెప్పలేను.

విచారణకి వచ్చిన పెద్ద ఇంజనీరు మర్యాదస్తుడు. పని ముగించుకుని మా ఇంటికే వచ్చాడు. పెదనాన్న చెయ్యి పట్టుకుని, "మీ తప్పేం లేదండీ. కట్టిన రోజున ఉన్న ఎడిషన్ ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. అలాగే రాస్తున్నాను. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి" అన్నాడు.

పెదనాన్న సరేనన్నట్టు తలూపాడు. వరండాలో ఉన్న మరల పెట్టె వైపు కాసేపు చూశాడు.

"డిజైను సంగతి కాదండీ" అన్నాడు. "ఆ గది తీసుకోమంది నేనే. గాలి బాగా వస్తుందని చెప్పాను."