కొల్లేటి రాయి

“ఎండలో పెట్టానే. కోళ్ళు పొడవకుండా చూస్తా ఉండు.”

“బురద ముద్దకి కాపలా కూడానా? నాకింకేం పని లేదనుకున్నారా మీరు?”

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. నా మాట విని నవ్వుకుంటూ ఆయన చేపలకి మేత కట్టడానికి చెరువు మీదికి వెళ్ళారు. పడవలోనే గుండె ఆగిపోయింది. పోయే ముందు ఒక మంచి మాటైనా అనుకున్నారు కాదని చుట్టాలు బాధపడ్డారు. నాకేం బాధ లేదు. కాపరానికి వచ్చిన నాటి నుంచీ మేం అలాగే మాట్లాడుకున్నాం. ఆ ఒక్క రోజు తేనె పూసి మాట్లాడి ఉంటే ఆయనకే అనుమానం వచ్చేది.

నాకు సంతకం వచ్చు. బైబిల్లో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. అంతే. అందుకని నేను చెబుతుంటే నా కూతురి కూతురు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. సొంత తియ్యదనం కలిపితే నాకు తెలిసిపోతుందని కూడా చెప్పాను.

ఇంతకీ ఆ బురద ముద్ద సంగతి. మాది కొల్లేటి పక్కన చేపల చెరువుల ఊరు. గట్టు మీద నిలబడి చూస్తే కంటికి ఆనినంత మేరా నీళ్ళు, గట్లు, కొంగలు. రాయి మాత్రం కనబడదు. కుక్కని అదిలించాలన్నా మాకు మట్టిబెడ్డే దిక్కు. మా చర్చి సంఘం వాళ్ళేమో ఏటా ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో ఒక శుక్రవారం మెట్టలోకి వెళ్ళి కొండ ఎక్కుతారు. ఎండ కాస్త తగ్గాక బయలుదేరి, పొద్దు వాలేలోపు పైనున్న సిలువ దగ్గర ప్రార్థన చేసుకుని దిగుతారు. ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఒక రాయి తెచ్చుకోవాలి. మనసులోని బరువే ఆ రాయి అనుకుని మోసుకెళ్ళి, సిలువ కింద పెట్టి, చేతులు దులుపుకుని రావాలి. అది ఆనవాయితీ.

మేము ప్రతి ఏడూ కొండ కిందే ఒక రాయి ఏరుకుని ఎక్కేసేవాళ్ళం. ఒకసారి ఎవరో అన్నారు, “కొండ రాయి కొండ మీదే పెడితే మీరు మోసిందేముందండీ?” అని. ఆ మాట మా ఆయనకి ముల్లులా దిగబడింది.

“రోడ్డు పక్కన కంకర ఉంది కదండీ. ఒక ముక్క జేబులో వేసుకోండి,” అన్నాను నేను.

“ఆ కంకర ఎక్కణ్ణించి వచ్చిందే? ఆ కొండలు కొట్టే కదా లారీల్లో తెచ్చారు. కాపరానికి వచ్చిన పిల్లని మోసుకెళ్ళి మళ్ళీ పుట్టింట్లో దింపినట్టుంటది!”

చెరువు ఎండగట్టినప్పుడు అడుగు నుంచి నల్లటి బురద తెచ్చి, రెండు చేతులా నొక్కి, కొబ్బరికాయంత ఉండ చేశారు. ‘ఇదే మన ఊరి రాయి’ అని అరుగు మీద ఎండబెట్టారు. నొక్కిన చోట ఆయన వేళ్ళు దిగబడ్డాయి. బొటనవేలి గుర్తు మరీ లోతు. నా బొటనవేలు అందులో పెడితే ఇంకా చోటు మిగిలేది.

ఆయన పోయిన ఏడు నేను కొండకి వెళ్ళలేదు. ఉండ బీరువా మీద ఉంది. ఈ ఏడు డాక్టరు గారు నా మోకాళ్ళు అటూ ఇటూ వంచి చూసి, “ఇక మెట్లెక్కడాలవీ తగ్గించండమ్మా,” అన్నారు. మెట్లే వద్దన్న మనిషి కొండకి ఊరుకుంటారా? ఈసారి ఈ ఉండ పైకి చేరకపోతే ఇక ఎన్నటికీ చేరదని నాకు అర్థమైపోయింది. మందులు తీసుకుని ఇంటికొచ్చి, వచ్చే శుక్రవారం నేనూ వస్తున్నానని మా అయ్యగారికి, అంటే సంఘం పాస్టరు గారికి, కబురు పెట్టాను.

మా ఆడపడుచు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఏలూరు బస్టాండులో మమ్మల్ని కలిసింది. జంగారెడ్డిగూడెం బస్సులో నా పక్కనే కూర్చుంది.

“ఏం రాయి తెచ్చావు, చూపించు,” అన్నాను.

చేతిరుమాలు విప్పింది. శనగగింజంత రాయి.

“ఇదేం బరువే! మీ గూడెం మిల్లు బియ్యంలో ఏరినట్టున్నావు.”

“నా బరువంతా ఒంట్లోనే ఉంది వదినా. నన్ను నేను మోసుకుని ఎక్కితే చాలదా?” అంది. వెనక సీట్లో వాళ్ళు కూడా నవ్వారు.

నా ఉండ మాత్రం ఒళ్ళో ఉంది. వాన పడితే కరిగిపోతుందని ప్లాస్టిక్ మేత సంచిలో చుట్టి తెచ్చాను. చేపలకి తవుడూ వేరుశెనగ చెక్కా సంచిలో నింపి, సంచికి చిల్లులు పెట్టి, చెరువులో కర్రకి కడతాం. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. నేను తెచ్చింది ఇంకా చిల్లు పెట్టని సంచి. శుభ్రంగా ఉతికాను. మా ఊళ్ళో వానొస్తే గొడుగు వెతుక్కోం, ఆ సంచినే ఒక మూల లోపలికి మడిచి నెత్తిన వేసుకుంటాం.

బస్సు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. జీడిమామిడి తోట దాటి కొండ మొదట్లోకి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. అప్పుడు చూశాం, కొండ వెనక నుంచి నల్లమబ్బు తల ఎత్తుతోంది. మా కొల్లేట్లో మబ్బు అంత దూరాన ఉండగానే కనబడుతుంది, వడియాలు తీసుకుని లోపలికి పోయే వ్యవధి ఇస్తుంది. కొండ మబ్బుకి ఆ మర్యాద లేదు. వెనక నక్కి నక్కి ఒక్కసారి నెత్తిన దూకుతుంది.

నాలుగు చినుకులు పడ్డాయి. మళ్ళీ ఎండ వచ్చింది. మళ్ళీ మబ్బు కమ్మింది.

అయ్యగారు కుర్రవారు, మెత్తటి మనిషి. “ఈసారికి ఈ చింతచెట్టు కిందే ప్రార్థన చేసుకుందామా అండీ?” అన్నారు.

కొంతమంది అప్పుడే కండువాలు పరిచేశారు. నేను సంచి పట్టుకుని అయ్యగారికి ఎదురెళ్ళాను.

“అయ్యగారండీ, మీరు ఉరుము విన్నారా?”

“ఇంకా లేదమ్మా.”

“అయితే ఉరిమేదాకా ఎక్కుదామండీ. ఉరిమితే దిగిపోదాం. ఆయనకి మాటిచ్చాను,” అన్నాను. మాటేమీ ఇవ్వలేదు, కోళ్ళ గురించి కసిరాను అంతే. కానీ అంతమందిలో ఆ భాగవతమంతా ఏం చెబుతాం?

అయ్యగారు ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నా సంచి వైపు చూసి నడక మొదలుపెట్టారు. కండువాలు పరిచినవాళ్ళు గొణుక్కుంటూ దులుపుకుని లేచారు.

దారి మొదట మెత్తగానే ఉంది. సగానికి వచ్చేసరికి బండలు మొదలయ్యాయి. నా మోకాలు కిర్రుమంటే మా ఆడపడుచు, “వదినా, తలుపుకి నూనె వెయ్యి,” అంటుంది. ఆమె ఆయాసపడితే నేను, “రైలు గూడెంలో ఆగిందా, కదిలిందా?” అంటాను. అలా ఒకరినొకరు తిట్టుకుంటూ మిగతావాళ్ళకంటే ఒక మలుపు ముందుకే వెళ్ళిపోయాం.

అక్కడ కోతులున్నాయి. ప్రతి ఏడూ ఉండేవే, ఎవరి జోలికీ వచ్చేవి కావు. ఈసారి మాత్రం అన్నీ లేచి నిలబడి నా వైపే చూశాయి. నాకు అర్థం కాలేదు. ఎన్నిసార్లు ఉతికినా మేత సంచికి తవుడు వాసన, చెక్క వాసన పోదు. ఆ వాసనలోనే బతికేవాళ్ళం, మా ముక్కులకి అది తెలియనే తెలియదు. కోతికి తెలియదా?

ఒక పెద్ద కోతి వచ్చి సంచి కొస పట్టుకుంది. నేను ఇటు లాగాను, అది అటు లాగింది.

“వదిలెయ్ వదినా, కరుస్తది!”

“వదలను! మీ అన్నయ్యని కోళ్ళకే ఇవ్వలేదు, కోతికిస్తానా?”

సంచి జారిపోయింది. కోతి బండెక్కి, సంచి విప్పి, ఉండ తీసి, ఎంతో ఆశగా కొరికింది. ఆ మొహం మీరు చూడాలి! పెళ్ళి భోజనంలో కూర నోట్లో పెట్టుకుని ఉప్పు లేదని పైకి చెప్పలేనివాళ్ళ మొహంలా అయిపోయింది. థూ అని ఉమ్మి మళ్ళీ కొరకబోయింది.

అప్పుడు అరిచాను. నా గొంతు బొంగురు. ఊరికే అలా అవలేదు. మా ఆయన మేత కడుతుంటే నేను గట్టు మీద నిలబడి చేపల మీద వాలే నీటికాకుల్ని కేక పెట్టి తోలేదాన్ని. ఈ గట్టున అరిస్తే ఆ గట్టున పిట్ట లేవాలి. ఆ కేకే పెట్టాను. కోతి ఉండని వదిలేసింది. మిగతా కోతులు చెట్లెక్కాయి. కింద మలుపులో మావాళ్ళు ప్రార్థన పాట సగంలో ఆపేశారు.

ఉండ దొర్లుకుంటూ పోయి ఒక పొదలో ఆగింది. ఒక పక్క పెచ్చు ఊడింది. తిప్పి చూశాను. బొటనవేలి గుర్తు ఉంది. సంచిలో చుట్టి ఈసారి పైట లోపల పెట్టుకున్నాను.

“పిల్లని ఎత్తుకున్నట్టుందే,” అంది మా ఆడపడుచు.

“మీ అన్నయ్య కదా. ఆ మాత్రం గారం ఉంటది.”

పైకి చేరేసరికి వాన అందుకుంది. ఉరుముల్లేవు, మెరుపుల్లేవు, నీళ్ళు ధారగా పడుతున్నాయి. సున్నం వేసిన సిలువ కింద ఎన్ని ఊళ్ళ రాళ్ళో. గుండుగొలను వైపు నుంచి వచ్చినావిడ రుబ్బురోలు ముక్క పెట్టింది. మా ఆడపడుచు తన శనగగింజని ఎంతో భక్తిగా పెట్టి, అది రాళ్ళ సందులో పడిపోతే మళ్ళీ వెతుక్కుంది. నేను ఉండని పెట్టి, దాని మీద సంచి కప్పి, గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చున్నాను.

ప్రార్థన అయిపోయింది. అందరూ దిగడానికి లేచారు. నేను లేవలేదు. చేతులు తీస్తే సంచి ఎగిరిపోతుంది. సంచి పోతే ఉండ కరిగిపోతుంది. ఆయన వేళ్ళు పోతాయి. అప్పటిదాకా పైకి చేర్చడం గురించే ఆలోచించాను, పెట్టి వదిలి రావడం గురించి ఆలోచించనే లేదు.

అప్పటికే సంచి అంచు కింద నుంచి ఒక నల్లటి గీత బయలుదేరింది. ఎర్రమట్టి నీళ్ళలో అదొక్కటీ నల్లగా, సన్నగా, బండ మీద నుంచి కిందికి పోతోంది.

మా ఆడపడుచు దాన్నే చూస్తోంది. రుబ్బురోలు ముక్క తెచ్చినావిడని అడిగింది, “ఈ నీళ్ళు ఎటు పోతాయండీ?”

“వాగులోకండీ. ఈ వైపు వాగులన్నీ చివరికి మీ కొల్లేట్లోకే కదండీ.”

మా ఆడపడుచు నా భుజం మీద చెయ్యి వేసింది.

“అయితే వదినా, మనం బస్సు పట్టుకుని ఇల్లు చేరేలోపు అన్నయ్య చేరిపోతాడు. టిక్కెట్టు కూడా అక్కర్లేదు.”

నాకు నవ్వు వచ్చింది. ఆ బొంగురు గొంతుతోనే పగలబడి నవ్వాను. ఆ నవ్వులో కాస్త ఏడుపు కూడా ఉందేమో, వానలో ఎవరికి తెలుస్తుంది? బొటనవేలు ఆ గుర్తులో ఒకసారి పెట్టాను. మెత్తగా ఉంది, ఆయన నొక్కిన రోజున ఉన్నట్టే. సంచి తీసేసి, దులిపి, మూల మడిచి నా నెత్తిన వేసుకున్నాను. ఉండని వానకి వదిలేశాను.

దిగేటప్పుడు అదే మలుపులో ఆ కోతి కనబడింది. నా నెత్తి మీద సంచి చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

అంతేనమ్మా, అయిపోయింది. ఏదీ, ఇప్పుడు మొదట్నించీ చదువు. మీ తాతయ్య మాట ఆయన అన్నట్టు చదవాలి, నా మాట కసురుతున్నట్టు చదవాలి. ఊఁ, కోళ్ళ దగ్గర్నించి.