పూలకు వీపు పెట్టి నిలబడిన అత్త

పోయిన నెల భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. ‘‘అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది,’’ అన్నాడు. ఏడుపు కన్నా ముందు నాకు అనుమానం వచ్చింది. మా మేనత్త నిద్రలో దొరికిపోయిందా? బస్సులో అందరూ గురక పెడుతుంటే, సంచి తాడు మోకాలికి చుట్టుకుని ఎదురొచ్చే బండ్లను చూస్తూ కూర్చునే మనిషి! ఆమెకు తెలియకుండా రావాలంటే యముడు చాలా ఓపిక పట్టి ఉండాలి.

మహబూబాబాద్ బజారులో ఆమెకు కిరాణా దుకాణం ఉండేది. కూర్చున్న చోటి నుంచి వీధి రెండు చివరలూ కనిపించాలని ఉప్పు బస్తాలను పక్కకు జరిపించింది. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకును తరువాత చూసేది, ముందు రెండో తలుపు ఎక్కడుందో చూసేది. మీకు నవ్వు రావచ్చు. నా పెళ్లిలోనూ అంతే. తలంబ్రాలు పోస్తుంటే వచ్చి, ‘‘ఎనుక తలుపుకు తాళమేసిండ్రు, తీయించిన,’’ అని నా చెవిలో చెప్పింది.

మావాళ్లు ఆమెను ‘సీఐడీ అత్త’ అనేవారు. ‘‘భయపడెటోళ్లు కండ్లు మూసుకుంటరు బిడ్డా. నేను తెరుసుకుంట. గంతే ఫరక్,’’ అని నవ్వేసేది.

తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటలు సాగిన రోజులవి. ఆ ఏడు నేను పండక్కి అత్త దగ్గరికి వెళ్లాను. పెద్ద రోడ్డు మీద బతుకమ్మ. మూడేళ్ల నా బిడ్డ నడుమ కూర్చుని గునుగుపూలు పీకుతోంది. ఆ ఆటలో అందరి ముఖాలూ పూల వైపు, అందరి వీపులూ రోడ్డు వైపు ఉంటాయి. మా అత్త ఒక్కతే వలయం బయట, పూలకు వీపు పెట్టి, చప్పట్లు కొడుతూ పాడుతోంది. నాకు సిగ్గేసింది.

‘‘అత్తా, జర గిటు తిరుగు. అందరు నవ్వుతున్నరు.’’

‘‘మీరందరు పూలను సూస్తుండ్రు. మిమ్ముల సూసెటోళ్లు ఎవలన్న ఉండాలె గద!’’

ఎగువన జెండాలు కట్టి ఆపిన ట్రాక్టరు ఒకటి ఉంది. డ్రైవరు చాయ్ తాగడానికి పోయినట్టున్నాడు, అది చప్పుడు లేకుండా మా మీదికి జారడం మొదలుపెట్టింది. అత్త చూసింది. కేకేస్తే ఆడవాళ్లం ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. ఆమె కేక వేయలేదు, పాట అందుకుంది.

‘‘పిల్లలనెత్తుకోండ్రి ఉయ్యాలో! మోరి దిక్కు జరుగుండ్రి ఉయ్యాలో!’’

బతుకమ్మలో ఒకరు పాడింది అందరూ తిరిగి పాడాలి కదా. పాడేశాం. ఏం పాడామో పాడాకే అర్థమైంది. బిడ్డను చంకనేసుకుని రోడ్డు పక్కనున్న మోరి, అదే మురుగుకాలువ, వైపు జరిగాను, అందరూ జరిగారు. ట్రాక్టరు పూల మీదుగా పోయి ఇసుక కుప్పలో ఆగింది. బతుకమ్మలు నలిగిపోయాయి, మనుషులకు మాత్రం గీత కూడా పడలేదు.

అత్త నలిగిన బంతిపూలు ఏరుతూ, ‘‘ఇంక నవ్వుండ్రి!’’ అంది. నిజంగానే నవ్వాం, ఏడుస్తూ నవ్వాం. నా బిడ్డ నాకు దక్కింది ఆమె వల్లే. ఆ మాట ఎప్పుడు చెప్పినా, ‘‘సరే గని, గ్యాస్ బంద్ చేసి వచ్చినవా?’’ అనేది.

మొన్న జనగామలో మా వాడ ఆడవాళ్లం బతుకమ్మ ఆడాం. అత్త లేని మొదటి పండగ. హాస్టల్ నుంచి వచ్చిన నా బిడ్డ పక్కన కనిపించక చుట్టూ వెతికాను.

వలయం బయట ఉంది. పూలకు వీపు పెట్టి, చప్పట్లు కొడుతూ, రోడ్డును చూస్తోంది.